నేను వెళ్ళాక నా స్క్రీన్

నెట్ సెంటర్లో రిజిస్టర్ చూసే ఉంటారు. పేరు, ఫోన్ నంబర్, ఐడీ, వచ్చిన టైం, వెళ్ళిన టైం. 2011 సైబర్ కేఫ్ రూల్స్ ప్రకారం ఆ పుస్తకాన్ని కనీసం ఏడాది దాచాలి. తణుకులో మా వీధి చివర సెంటర్ బాబాయ్ గారు మొదటి నాలుగు గడులూ దగ్గరుండి రాయిస్తారు. చివరి గడి మాత్రం సగం ఖాళీయే. వచ్చిందెవరో తెలుస్తుంది, వెళ్ళారో లేదో తెలీదు. వైవాలో ఆథెంటికేషన్‌కీ సెషన్‌కీ తేడా అడిగితే నేనైతే ఈ పుస్తకమే చూపిస్తాను.

ఈ సెలవుల్లో నా పని అదే మరి. కాలేజీ ల్యాబ్ సిస్టమ్స్‌ని ఇంటి నుంచి బ్రౌజర్లో వాడుకునేలా అపాచీ గ్వాకమోలీ పెట్టాం. (పేరు మెక్సికో వాళ్ళ అవకాడో పచ్చడిది. మన గోంగూర పేరుతో ఎవరైనా ఒక సాఫ్ట్‌వేర్ రాస్తే బాగుణ్ణు.) టామ్‌క్యాట్‌లో ఒక జావా వెబ్ అప్లికేషన్, దాని వెనక 4822 పోర్టులో గ్వాక్‌డీ అనే ప్రోగ్రాం. ల్యాబ్ మెషీన్‌తో ఆర్‌డీపీలో మాట్లాడేది గ్వాక్‌డీ. మన వైపు ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, బ్రౌజర్ ఉంటే చాలు. ల్యాప్‌టాప్ లేనివాళ్ళకి ఇది పెద్ద విషయం.

చిక్కల్లా లాగిన్ దగ్గర. కాలేజీ పోర్టల్‌లో అందరికీ రోల్ నంబర్, పాస్‌వర్డ్ ఉన్నాయి. గ్వాకమోలీ తన సొంత లాగిన్ పేజీ చూపిస్తుంది. రెండో పాస్‌వర్డ్ ఇస్తే అది పుస్తకం అట్ట మీదకెక్కడం ఖాయం. ముందు నిలబడ్డ సర్వరే పేరు హెడర్లో పెట్టి పంపే దారి ఒకటుంది, సులువు. కానీ ఆ సర్వర్ని తప్పించి నేరుగా టామ్‌క్యాట్‌ని చేరగలిగినవాడు ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు. అందుకని జేసన్ ఎక్స్‌టెన్షన్ తీసుకున్నాం. పోర్టల్ ఒక పొట్లం కడుతుంది: ఎవరు, ఏ మెషీన్, ఎప్పటిదాకా చెల్లుతుంది. దాన్ని 128 బిట్ల రహస్య కీతో సంతకం చేసి, ఏఈఎస్‌తో మూసి పంపుతుంది. గ్వాకమోలీ విప్పి చూసి టోకెన్ ఇస్తుంది. గడువు మిల్లీసెకన్లలో ఉండాలి. పీహెచ్‌పీ టైం ఫంక్షన్ సెకన్లిస్తుంది. వెయ్యితో గుణించకపోతే మీ పొట్లం 1970 జనవరిలోనే చెల్లిపోయినట్టు లెక్క.

ఇక్కడితో అయిపోయిందనే అందరూ అనుకుంటారు. మా పక్కింటి జూనియర్ అమ్మాయికి చూపిస్తే ఒకటే అడిగింది: "అన్నయ్యా, నేను వెళ్ళాక నా స్క్రీన్ ఎవరికైనా కనిపిస్తుందా?" ఊరికే అడగలేదు. కిందటేడు ఒక సెంటర్లో కరెంటు పోతే లాగవుట్ చెయ్యకుండానే వచ్చేసింది. తన స్కాలర్‌షిప్ పేజీలో ఎవరో ఫోన్ నంబర్ మార్చేశారు. ఓటీపీ వాళ్ళకి పోతుంటే, నంబర్ తిరిగి మార్పించుకోవడానికి వాళ్ళ నాన్నగారు మూడు రోజులు పని మానుకుని తిరిగారు.

లెక్క తీస్తే ఉన్నవి మూడు సెషన్లు. పోర్టల్‌ది ఒకటి, గ్వాకమోలీది ఒకటి, ల్యాబ్ మెషీన్లో విండోస్‌ది ఒకటి. ఒకటి చచ్చినా మిగతా రెండిటికీ కబురు అందదు. గ్వాకమోలీ టోకెన్ మామూలుగా 60 నిమిషాలు ఖాళీగా ఉంటే పోతుంది. డెస్క్‌టాప్ తెరిచి ఉన్నంతసేపూ ఆ గడియారం అసలు మొదలే కాదు. అందుకని పోర్టల్‌లో లాగవుట్ నొక్కగానే ఆ టోకెన్‌ని తుడిచెయ్యమని గ్వాకమోలీకి ఒక డిలీట్ రిక్వెస్ట్ పంపాం. కరెంటు పోతే నొక్కడానికి మనిషే ఉండదు కాబట్టి 60ని 5 చేశాం.

మొండిది విండోసే. ఆర్‌డీపీ తెగితే అది లాగాఫ్ చెయ్యదు, అన్నీ అలాగే పట్టుకుని కూర్చుంటుంది. ఇల్లు వదిలి వెళ్ళినా పొయ్యి మీద పాలు ఉన్నట్టు. పైగా ల్యాబ్‌లో అందరికీ ఒకటే అకౌంట్! తర్వాత వచ్చినవాడికి ముందువాళ్ళ ప్రోగ్రాం, రికార్డు అన్నీ దర్శనం. తెగిన సెషన్‌ని నిమిషంలో ముగించెయ్యమని గ్రూప్ పాలసీలో పెట్టొచ్చు. కానీ వేసవిలో మనూళ్ళో కరెంటు సంగతి తెలిసిందేగా, నిమిషంలో తిరిగి రాకపోతే సేవ్ చెయ్యని పనంతా పోతుంది. నాకు మనసొప్పలేదు. ఆ అమ్మాయినే అడిగాను.

"ప్రోగ్రాం పోతే మళ్ళీ రాసుకుంటాను అన్నయ్యా. స్క్రీన్ మాత్రం ఉండకూడదు."

నిమిషమే పెట్టాను. సెంటర్లో ఇద్దరం పక్కపక్క సిస్టమ్స్‌లో కూర్చుని, తను ఉన్నట్టుండి స్విచ్ ఆపేసింది. రెండు నిమిషాలాగి నేను అదే ల్యాబ్ మెషీన్లోకి వెళ్తే ఖాళీ డెస్క్‌టాప్ వచ్చింది. తను కుర్చీ జరుపుకుని నా స్క్రీన్లోకి వంగి రెండుసార్లు చూసుకుంది. ఎవరి అకౌంట్ వాళ్ళకి ఉంటే గడువు అరగంట పెట్టినా భయం లేదని ఆ రాత్రే సార్‌కి మెయిల్ రాశాను. జవాబు ఇంకా రావాలి.