పదివేళ్ల పాట్లు

మన పాత సినిమాల్లో టైపిస్టు హీరోయిన్‌ని చూసే ఉంటారు. కాగితం వైపు చూస్తుంది, హీరో వైపు చూస్తుంది, మిషను వైపు మాత్రం చూడదు. వేళ్లు టకటకలాడుతూనే ఉంటాయి, ఆ చేతుల మీదే ఇల్లంతా గడుస్తూ ఉంటుంది. చెయ్యి నొప్పని ఏ హీరోయిన్ అనగా నేను వినలేదు!

నాకు మాత్రం వచ్చింది. కిందటి సంక్రాంతికి మూడు సమీక్షలు, రెండు ఇంటర్వ్యూలు వారంలో కొట్టాను. ఆరో రోజు కుడిచేత్తో కాఫీ గ్లాసు ఎత్తలేకపోయాను. మనది ఫ్రీలాన్సు బతుకు. రాస్తేనే డబ్బులు.

డాక్టరుగారు "ఎలా కొడతారో చూపించండి" అన్నారు. ఆయన బల్ల మీదే వేళ్లాడించాను.

"అది టైపా, సుత్తి దెబ్బా?" అని నవ్వారాయన.

ఆ దెబ్బ ఎక్కడిదో నాకు తెలుసు. 2006లో, ఇంటర్ సెలవుల్లో, తెనాలిలో టైపు నేర్చుకున్నాను. ఇనప మిషను. గట్టిగా కొడితే గాని అక్షరం కాగితానికి అంటదు. చిటికెన వేలితో 'ఏ' కొట్టేసరికి ప్రాణం పోయేది. మణికట్టు బల్లకు ఆనిస్తే మాస్టారు స్కేలుతో తట్టేవారు. "చేతులు తేలాలబ్బాయ్, వాలకూడదు!" లోయరూ పాసయ్యాను, బి.ఏ.నూ పాసయ్యాను. కంప్యూటరు కొన్నాక సుత్తి దెబ్బ మిగిలింది, మాస్టారి మాట పోయింది.

నా మెకానికల్ కీబోర్డులో మీట 4 మిల్లీమీటర్లు దిగుతుంది. 2 దిగేసరికే అక్షరం పడుతుంది. ఆ మిగతాదంతా దండగ శ్రమే. పైగా వెనక ఉండే బుల్లి కాళ్లు లేపిపెట్టి కొట్టేవాణ్ణి. అలా లేపితే మణికట్టు వెనక్కి విరుచుకుంటుంది. మడిచేశాను. రెండు పాయలుగా విడిన కీబోర్డులూ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ 1994లోనే ఒకటి తెచ్చింది. ఇప్పటివాటి ధరలు చూశాక నొప్పే నయమనిపించింది!

ఇంతకీ అసలు దొంగ వేరే ఉన్నాడు. నేను ఇన్నాళ్లూ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాణ్ణి. 'కిరికిరి' అనే మాటే చూడండి. ఇంగ్లీషు మీటల మీద ఎనిమిది దెబ్బల్లో ఆరు కుడిచేతివే. ఇన్‌స్క్రిప్ట్‌లో అయితే 'క', 'ర' కుడిచేతికి, గుడి ఎడమచేతికి. నాలుగు, నాలుగు. తాళం వేసినట్టు చేతులు మారుతుంటాయి, వేళ్లు మధ్య వరస దాటవు. అన్ని మాటలూ ఇంత సుఖం కాదనుకోండి. 'ఖ', 'ఘ'లకు షిఫ్టు నొక్కాలి, చిటికెన వేలు తిట్టుకుంటుంది.

అందుకని ముప్పయ్యేళ్లు దాటాక మళ్లీ ఓనమాలు. మొదటి పదిహేను రోజులూ సగం వేగం కూడా లేదు. ఎడిటరుగారు ఫోను చేశారు.

"ఏమయ్యా, ఇంటర్వ్యూ ఏదీ?"

"కుడిచెయ్యి బాగాలేదండీ."

"అయితే ఎడమచేత్తో కొట్టవయ్యా!"

"సగం అదే చేస్తున్నానండీ" అన్నాను.