పెండిల్ కొండ దారిలో

ఇంగ్లాండు వాయవ్య ప్రాంతమైన లాంకషైర్‌లో పెండిల్ అనే కొండ ఉంది. దాని ఎత్తు 557 మీటర్లు. చుట్టుపక్కల బర్న్లీ, నెల్సన్, బ్లాక్‌బర్న్ వంటి పాత నూలు మిల్లుల పట్టణాలున్నాయి. 1960ల ప్రాంతంలో ఆ మిల్లుల్లో పనికోసం గుజరాత్ నుండి, పాకిస్తాన్ నుండి వెళ్లిన ముస్లిములు అక్కడే స్థిరపడ్డారు. మిల్లులు మూతపడ్డాయి గాని మస్జిదులు, సాయంకాలపు మక్తబులు నేటికీ కళకళలాడుతున్నాయి. అటువంటి ఒక మక్తబులో బోధించిన రోజుల్లో, ఒక ఆకురాలు కాలాన తోటి ఉపాధ్యాయులు ఎనిమిది మందితో కలిసి ఆ కొండకు వెళ్లాను.

అక్కడ అక్టోబరు చివరి ఆదివారం గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ తరువాత సాయంత్రం నాలుగున్నర ప్రాంతానికే సూర్యుడు అస్తమిస్తాడు. జుహ్ర్, అస్ర్, మగ్రిబ్ వేళలు ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. ప్రయాణంలో ముగ్గురున్నా ఒకరిని అమీర్‌గా చేసుకోవాలన్న దైవప్రవక్త (స) బోధన ప్రకారం, దారి బాగా తెలిసిన ఒక గుజరాతీ మౌలానాను అమీర్‌గా ఎన్నుకున్నాము. జుహ్ర్ చేసుకుని బార్లీ గ్రామం నుండి నడక ప్రారంభించాము.

సున్నం, మట్టి లేకుండా కేవలం రాళ్లు పేర్చి కట్టిన గోడల మధ్య గొర్రెలు మేస్తున్నాయి. కొండవాలున ఫెర్న్ పొదలు తుప్పు రంగుకు తిరిగాయి. ఆపైన నిటారైన రాతి మెట్లు. ఎత్తుకు ఎక్కేటప్పుడు తక్బీర్, దిగేటప్పుడు తస్బీహ్ పలకడం సహాబీల అలవాటు. మేమూ తక్బీర్ పలుకుతూ ఎక్కసాగాము.

సగం మెట్లు ఎక్కేసరికి, సిల్హెట్‌కు చెందిన వృద్ధ హాఫిజ్ సాబ్‌కు మోకాళ్లు సహకరించలేదు. పడుచువాళ్లు అప్పటికే చాలా పైన ఉన్నారు. “మీరు వెళ్లి రండి, నేను ఇక్కడే కూర్చుంటాను” అన్నారాయన. చలిగాలి వీస్తోంది, ఎండ వాలుతోంది. అమీర్ సాబ్ అందరినీ వెనక్కి పిలిచి, హాఫిజ్ సాబ్‌ను ముందు నిలిపి, “ఆయనను ఎవరూ దాటవద్దు” అని చెప్పి, తాను అందరికన్నా వెనుక నడిచారు. అస్ర్ వేళ కాగానే శిఖరం ఇంకా కొంత దూరం ఉండగానే మమ్మల్ని ఆపారు. గోడ చాటున ఆగ్నేయంగా ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేశాము. ఆయన చిన్న సూరాలే పఠించారు. “వెలుతురు ఉండగానే దిగిపోదాం” అన్నారు. నిర్మలమైన రోజున శిఖరం మీద నుండి ఐరిష్ సముద్రం కనిపిస్తుందట. అది చూడాలన్న ఆశ పడుచువాళ్ల ముఖాల్లో కనిపిస్తూనే ఉంది. అయినా ఎవరూ ఎదురు చెప్పలేదు.

ప్రయాణాలలో దైవప్రవక్త (స) బృందం వెనుక ఉండి, బలహీనులను ముందుకు నడిపించేవారని, వారిని తమ వాహనంపై వెనుక ఎక్కించుకునేవారని, వారికోసం దుఆ చేసేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. అలసిన జాబిర్ (రజి) ఒంటెను చురుకుగా నడిపించిన సంఘటన కూడా సుప్రసిద్ధమే. నమాజు చేయించే ఇమామ్ సైతం వెనుక ఉన్న వృద్ధులను, రోగులను దృష్టిలో ఉంచుకుని తేలికపరచాలని ఆయన (స) ఆదేశించారు.

ఆ కొండకు మరొక చరిత్ర ఉంది. 1612లో ఆ పరిసరాల వారిపై మంత్రవిద్య నింద మోపి పది మందిని ఉరితీశారు. ఒక సంచార వర్తకుడు గుండుసూదులు ఇవ్వనన్న కాసేపటికే కుప్పకూలగా, అడిగిన పేద పిల్లపై అనుమానం పడింది. అక్కడి నుండి ఆ వ్యవహారం పెరిగింది. ఎనభై ఏళ్ల ప్రాంతపు ఆమె అమ్మమ్మ, దాదాపు అంధురాలు, విచారణకు ముందే చెరసాలలో కన్నుమూసింది. అనుమానాలకు దూరంగా ఉండమని దివ్యఖుర్ఆన్ ఎందుకు హెచ్చరించిందో అక్కడ మరింత స్పష్టంగా బోధపడుతుంది. అనుమానం ముందుగా బలహీనుల మీదనే పడుతుంది.

మన ఇళ్లలోనూ వెనుకబడేవారు ఉంటారు: మస్జిదుకు నెమ్మదిగా నడిచే తండ్రి, పాఠం ఆలస్యంగా వచ్చే బిడ్డ, మాట సరిగా వినబడని నానమ్మ. కుటుంబం వారి నడకకు తగ్గట్టు సాగితే కొన్ని శిఖరాలు చేరకపోవచ్చు. కాని ఎవరూ దారిలో ఒంటరిగా మిగలరు. అటువంటి సహనాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.