ముడి వీడిన తర్వాత

వైజ్ఞానిక కల్పనతో అల్లిన ప్రణయ నవలల వరుసలో చివరి పుస్తకం చేతికొచ్చినప్పుడు పాఠకుణ్ణి ఒక దిగులు పట్టుకుంటుంది. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో ఎనిమిదో ఆశ్వాసం, అంటే చివరిది, తెరిచినవారికి ఆ దిగులు కొత్తది కాదు. మొన్నటిదాకా కర్నూలు జిల్లాలో ఉండి, 2022లో వేరు జిల్లా అయిన నంద్యాలను ఏలిన కృష్ణమరాజుకు 16వ శతాబ్దంలో అంకితమైన ప్రబంధం ఇది. ఇందులో జరగబోయే కథను బ్రహ్మ ముందే సరస్వతికి చెబుతాడు. స్త్రీపురుషులు రూపాలు మార్చుకుంటారు. మణి ధరించిన పసిపాప మధురలాలస పూర్వజన్మ వృత్తాంతం వినిపిస్తుంది. (దీన్ని వైజ్ఞానిక కల్పన అనడం తొందరపాటే, అక్కడ యంత్రం చేసే పనిని ఇక్కడ వరమూ శాపమూ చేస్తాయి.)

చిక్కల్లా ఆ పసిపాప మాటలతోనే. వాటితో కథాముడులు వీడిపోతాయి. ఇక మిగిలేది ఆమె పెరగడం, కళాపూర్ణుణ్ణి వలచడం, పెళ్లి, దిగ్విజయం. సంవిధాన చమత్కారం కోసమే చదివేవారికి ఇవి చప్పగా తోచవచ్చు. కాని గత జన్మలో కలభాషిణి నలకూబరుణ్ణి కోరి రంభ రూపం దాల్చింది. మణికంధరుడు నలకూబరుని రూపం దాల్చాడు. అప్పుడు అరువు రూపాల చాటున నడిచిన వలపు, ఇప్పుడు సొంత ముఖాలతో ఎదురుపడితే నిలుస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు ముడి వీడిన పుటల్లో లేదు. చాలామంది తొందరగా తిప్పేసే ఆ తర్వాతి పుటల్లోనే ఉంది.