తాతగారి బుల్లెట్టు

మా తమ్ముడు హైదరాబాదు నించి ఫోను చేసి, "అన్నయ్యా, తాతగారి బుల్లెట్టుకి మంచి బేరం వచ్చింది. కాగితాలు సరిగా ఉండాలిట, కాస్త వెతికిపెట్టు" అన్నాడు. పిల్లలకు సాహిత్య చరిత్ర చెప్పుకుని బతికే నాకు మోటారు సైకిలు చరిత్ర నెత్తిన పడ్డది.

ఆ బండి రాజోలు దగ్గర మా ఊళ్లో, పాత యింటి సావిట్లో ఉన్నది. 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరదకు నిలువునా మునిగింది. మళ్లీ కదల్లేదు. అప్పుడు నాకు ఆరేళ్లు. తాతగారు ఎల్.ఎం.పి. డాక్టరు. దాన్ని మద్రాసులో కొత్తది కొని, అక్కణ్ణించి నడుపుకుంటూ వచ్చారని మా యింటి పురాణం. తాతగారు చెప్పింది ఆ ఒక్క వాక్యమే. నెల్లూరు దగ్గర టైరు పేలడం, ఎవరో లారీవాడు ఆదుకోవడం, యివన్నీ మా బాబయ్యలు పండగ పండక్కీ చేర్చిన ఘట్టాలు.

ట్రంకుపెట్టె అడుగున ఆర్.సి. పుస్తకం దొరికింది. తయారైన సంవత్సరం 1962. కాని మొదటి పేరు తాతగారిది కాదు, పక్క గ్రామంలో ఒక కామందుది. 1965లో తాతగారి పేరుకి మారింది! తెలుగు మేష్టర్లకు ఒక జబ్బు ఉన్నది. పాఠభేదం కనిపిస్తే నిద్రపట్టదు.

రాజమండ్రి నించి ఒక ముసలి మెకానిక్కుని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన ఇంజనుకు పట్టిన వరదమట్టి గీకి, నంబరు చదివి, పుస్తకంతో సరిచూశాడు. సరిపోయింది. లేచి చేతులు తుడుచుకుంటూ, "మేష్టారూ, మన వేపు దీన్ని మోతుబరుల దర్జా బండి అంటారు గాని, యిది బురద కోసం పుట్టిన బండండీ" అన్నాడు.

ఆ మాట పట్టుకుని నాలుగు పుస్తకాలు తిరగేశాను. నిజమే. బుల్లెట్టు అనే పేరు 1930లలోనే ఉన్నా, మనం ఎరిగిన రూపం మొదట బయటపడ్డది 1948లో, ఇంగ్లండులో జరిగిన కోల్మోర్ కప్ అనే పోటీలో. రోడ్డు మీది పందెం కాదది. రాళ్లలో, బురదలో, గట్ల మీద కాలు కింద పెట్టకుండా నడపవలసిన పరీక్ష. అటువంటి చోట వెనక చక్రం ఊగకుండా బిగుతుగా ఉంటేనే పట్టు దొరుకుతుందని అప్పటి నిపుణుల నమ్మకం. ఈ బండికి వెనక కూడా స్ప్రింగులు పెట్టారు. అదే సంవత్సరం ఇటలీలో ఆరు రోజుల పోటీ జరిగింది. అందులో నెగ్గిన బ్రిటిషు జట్టులో యిద్దరు బుల్లెట్ల మీదనే బంగారు పతకాలు తెచ్చుకున్నారు. సరిహద్దుల్లో గస్తీకి మన సైన్యం కూడా దీన్నే ఎంచుకున్నది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ యేర్పడింది.

ఇంతవరకూ పుస్తకాల్లో దొరికింది. 1965 సంగతి యే పుస్తకం చెబుతుంది? మామ్మ దగ్గర కూర్చున్నాను. ఆవిడకు తొంభై దాటాయి. ఆర్.సి. పుస్తకం చేత్తో తడిమి, కాసేపు పలకలేదు.

"ఆ యేడు శ్రావణంలో నాలుగురోజులు ఒకటే ముసురు నాయనా. అర్ధరాత్రివేళ ఒక మనిషి లాంతరు పుచ్చుకుని పరుగెత్తుకొచ్చాడు. కామందుగారి కోడలికి తొలికాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది. ఆ కామందు బుల్లెట్టు వేసుకుని కాకినాడ వెళ్లాడుట. మీ తాతగారు సైకిలెక్కారు. పుంతలో మోకాటిలోతు బురద. సైకిలు భుజాన వేసుకుని నడిచారు. రెండు మైళ్లకి మూడు గంటలు పట్టింది. బిడ్డ దక్కింది. తల్లి దక్కలేదు."

పదిహేను రోజుల తరవాత కామందే వచ్చి బండిని వాకిట్లో నిలబెట్టాడుట. "ఆ రాత్రి యిది మీ దగ్గరుంటే బాగుండేది డాక్టరుగారూ. ఇకముందైనా ఉండనివ్వండి" అన్నాడుట. తాతగారు ఊరకే పుచ్చుకోలేదు. ఖరీదు వాయిదాల మీద తీర్చారు.

"మరి మద్రాసు కథ యెందుకు చెప్పారు మామ్మా?"

"బండి యెక్కడిదని అడిగినవాడికల్లా ఆ పిల్ల చావు చెప్పుకోమంటావుట్రా?"

నేను మాట్లాడలేకపోయాను. ఇరవై ఒక్క యేళ్లు ఆ బండి పుంతల్లో, కాలవ గట్ల మీద, పంటు మీద రేవులు దాటుతూ తిరిగింది. తాతగారు అర్ధరాత్రి పిలుపుకి ఒక్కనాడూ "పొద్దున్న వస్తాను" అనలేదని ఊళ్లో యిప్పటికీ చెప్పుకుంటారు. ఎందుకనలేదో నాకిప్పుడు తెలిసింది.

"దక్కిన బిడ్డ యేమైంది?" అన్నాను లేవబోతూ.

"ఎరగవూ? నాలుగేళ్ల కిందట నన్ను చూడటానికి వచ్చిందే, మనవరాలి పెళ్లి శుభలేఖ పట్టుకుని."

నాకు గుర్తుకొచ్చింది. ఆవిడ మామ్మకు బొట్టు పెట్టి, వెళ్లేటప్పుడు సావిట్లో ఆగింది. బండి సీటు మీద దుమ్ము చీరచెంగుతో తుడిచి, కాసేపు నిలబడి వెళ్లిపోయింది. పాత బండి చూస్తే ముచ్చట కాబోలు అనుకున్నాను.

ఆ రాత్రి తమ్ముడికి అంతా చెప్పాను. చాలాసేపు ఫోనులో ఏ చప్పుడూ లేదు.

"కాగితాలు సరిగానే ఉన్నాయిరా" అన్నాను.

"బేరం సంగతి తరవాత అన్నయ్యా. ముందు ఆవిణ్ణి అడుగుదాం" అన్నాడు.