పొగగొట్టానికి పట్టీ

గంపలగూడెంలో వరి కోతలకు ఇంకా కొద్దిరోజులుంది. మెకానిక్ షెడ్లకు ఊపిరాడని కాలం ఇదే. కిందటి సీజన్ అయ్యాక చెట్టు కింద వదిలేసిన కోత మిషన్లన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి జనానికి. బేరింగులు, బెల్టులు, రేడియేటర్లు అన్నీ ఇప్పుడే కావాలి. నేను వెళ్లిన షెడ్డులో మాత్రం ఆ రోజు పని వేరే: పొగగొట్టానికి హీట్ టేపు చుట్టడం. విజయవాడ ఆటోనగర్‌లో బుల్లెట్ బండ్లకు ఈ టేపు చుట్టించుకోవడం చూశాను. అక్కడది అలంకారం. పొలంలో నడిచే మిషనుకు ఎందుకో చూద్దామని తిరువూరు మీదుగా బయల్దేరాను.

మేస్త్రి ఇంజన్ పక్క మూత తీసి, లోపలికి చెయ్యి పెట్టి, గుప్పెడు చెత్త బయటికి తీశాడు. కిందటేటి తాలు, గడ్డి నలుసులు, దుమ్ము. అరచేతిలో పోసి నా ముందు పెట్టాడు.

"ఈ పక్క చూడండి, ఈ పక్క చూడండి" అన్నాడు.

పైన ఉన్న తాలు గడ్డి రంగులోనే ఉంది. పైపుకు ఆనుకున్నది కాఫీ గింజ రంగుకు తిరిగింది. కొన్నింటి కొసలు నల్లగా మాడాయి. ఇంకాస్త గాలి, ఇంకాస్త వేడి తోడైతే మిషను చేలోనే తగలబడేది. మిషను యజమాని పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమీ మాట్లాడలేదు గానీ ఆ గుప్పెడు తాలును చాలాసేపు చూశాడు.

లెక్క తేలికే. బరువు మీద నడిచే డీజిల్ ఇంజన్ నుంచి పొగ 500, 600 డిగ్రీల వేడితో బయటికొస్తుంది. ఆ వేడికి పైపు రేకు కూడా బాగా కాలుతుంది. ఎండుగడ్డి అంటుకోవడానికి అంత అక్కర్లేదు. కోత మిషను చుట్టూ గాలిలో ఎప్పుడూ పొట్టు ఎగురుతూనే ఉంటుంది. ఎక్కడ సందు దొరికితే అక్కడ చేరుతుంది. టేపు చుడితే పొగ వేడి లోపలే ఉండి గొట్టం చివరి నుంచి పోతుంది. పైపు పైభాగం మరీ అంత కాలదు. అయితే టేపు చుట్టాం కదా అని చెత్త దులపడం మానేస్తే మళ్లీ మొదటికే వస్తుందని మేస్త్రి యజమానికి గట్టిగానే చెప్పాడు. రోజూ పని మొదలెట్టే ముందు గాలి కొట్టి దులపాల్సిందే.

బల్ల మీద రెండు చుట్టలున్నాయి. ఒకటి తెల్లటిది, ఫైబర్ గ్లాసు. రెండోది రాగి రంగుది. దాని డబ్బా మీద టైటానియం అని పెద్ద అక్షరాలు. ఇందులో టైటానియం లోహం ఉంటుందని చాలామంది నమ్మకం. ఉండదు. అది బసాల్ట్ అనే అగ్నిపర్వత శిలను 1400 డిగ్రీలకు పైగా కరిగించి తీసిన దారం. రాజమండ్రి దగ్గర కాతేరు, దుద్దుకూరు ప్రాంతంలో బయటపడ్డ లావా రాయి ఈ జాతిదే. ఫైబర్ గ్లాసు టేపు ఏకధాటిగా 540 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. బసాల్ట్ టేపుకు తయారీదార్లు 980 దాకా చెబుతారు. ఈ మిషనుకు టర్బో ఉంది. టర్బో దాటగానే మొదలయ్యే పైపుకు తెల్ల టేపు పెడితే అంచు మీద నడిచినట్టే. అందుకని రాగి రంగుదే తీశారు.

తెల్లదాన్ని తీసిపారెయ్యలేదు. దాన్ని ఓ ఫంక్షన్ హాలు జనరేటరు పైపు కోసం పక్కన పెట్టారు, అదీ ఇంజనుకు దూరంగా గోడ దాటే భాగానికి. వెనకటి రోజుల్లో ఇలాంటి చోట ఆస్బెస్టాస్ తాడు చుట్టేవాళ్లు. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లి గనుల్లో ఆ ఖనిజం దొరికేది. దాని నూగు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. పాత జనరేటర్ల మీద ఆ తాడు ఇంకా కనిపిస్తే పీకి దులపకూడదు.

ఎంత టేపు పడుతుందో నాకు తెలియలేదు. మేస్త్రికి నోటి లెక్కే. మూడు అంగుళాల పైపు, రెండు అంగుళాల వెడల్పు టేపు, ఒక్కో చుట్టు మీద పావు అంగుళం ఎక్కాలి. అలా చుడితే అడుగు పైపుకు దాదాపు ఐదున్నర అడుగుల టేపు పడుతుంది. యాభై అడుగుల చుట్ట తొమ్మిది అడుగుల పైపుకు సరిపోతుంది. వేడి ఎక్కువ ఆపుతుందని సగానికి సగం ఎక్కించి చుడతారు కొందరు. టేపు దండగ, పైగా పైపు లోహానికీ అదనపు కష్టం.

చుట్టే పనికన్నా ముందు పని ఎక్కువ. చల్లారిన పైపును తీగ బ్రష్షుతో రుద్దారు. తుప్పు పోయాక వేడికి తట్టుకునే రంగు కొట్టి ఆరబెట్టారు. షెడ్డులో పనిచేసే కుర్రవాడు చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకుని, గ్లౌజులు తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకున్నాడు. ఈ నూగు చర్మానికి తగిలితే రాత్రంతా దురదే. టేపును కాస్త తడిపారు. బసాల్ట్‌కు తడి తప్పనిసరి కాదు గానీ నూగు ఎగరకుండా ఉంటుంది.

నిలువు గొట్టానికి కింద నుంచి పైకి చుట్టారు. తాటాకు పాక కప్పినట్టు: పై వరస కింది వరస మీదికి రావాలి, నీళ్లు జారిపోవాలి. మొదటి చుట్టు మీదే రెండో చుట్టు వేసి స్టీలు టై బిగించారు. ఆ తర్వాత జానెడు దూరానికి ఒకటి. వంపు దగ్గర కుర్రాడు తడబడ్డాడు. లోపలి వైపు టేపు ఒకదాని మీదొకటి పడి ఉబ్బుతోంది, బయటి వైపు సందు పడుతోంది. మేస్త్రి విప్పించాడు. "బయటి వంపు చూసుకుని చుట్టరా, లోపల అదే సర్దుకుంటుంది" అన్నాడు.

ఇంజనుకు ఆనుకుని ఉండే మ్యానిఫోల్డ్ జోలికి మాత్రం పోలేదు. అది పోత ఇనుము. వేడి బయటికి పోకుండా బిగిస్తే పగుళ్లిస్తుంది. టర్బోకు వెళ్లే ఆయిల్ పైపు దగ్గర చెమ్మ ఉందేమోనని వేలితో తడిమి చూశాడు. టేపు ఆయిల్ పీల్చుకుంటే అంటుకోవడానికి కావలసిన వేడి అక్కడే ఉంది. కారే ఇంజనుకు టేపు కట్టనని ఆయన నియమం. నాకు ఇది మిగతా మాటలన్నిటికన్నా ముఖ్యమనిపించింది.

ఇంతలో బుల్లెట్ మీద ఓ కుర్రాడొచ్చాడు.

"బాబాయ్, నాక్కూడా చుట్టవా? లుక్కు అదిరిపోద్ది."

"నువ్వు రోజూ ఎటు తిరుగుతావురా?"

"వినగడప నుంచి తోటమూల."

"అయితే వద్దు."

వినగడపకీ తోటమూలకీ మధ్య కట్టలేరు వాగు ఉంది. వానలు ముదిరితే దారి మీదికి నీళ్లొస్తాయి. ఆ నీళ్లలో బండి దిగితే టేపు తడిసి ముద్దవుతుంది. నాలుగు కిలోమీటర్లు నడిపి ఆపేస్తే లోపల తడి ఆరదు. పైన చూడ్డానికి సోకుగానే ఉంటుంది, కింద పైపు తుప్పు తింటుంది. కోత మిషనుకు ఆ బాధ తక్కువ. అది ఎక్కువగా పొడి చేలోనే దిగుతుంది, దిగితే గంటల తరబడి ఆగదు, తడి ఏమున్నా ఆవిరైపోతుంది. టేపు ఎంపికలో రంగు, ధర, డిగ్రీలు అందరూ అడుగుతారు. బండి ఎంతసేపు నడుస్తుంది, ఎక్కడ తడుస్తుంది అని అడిగేవాళ్లు తక్కువ.

కుర్రాడు ఒప్పుకోలేదు. పికప్ పెరుగుతుందట కదా అన్నాడు. రేసు బండ్లలో పొగను వేడిగా, వేగంగా ఉంచడానికే ఇది చుడతారన్నది నిజమే. ఊళ్లో తిరిగే బండికి ఆ తేడా తెలియదు. పైగా వాడిది 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండి. పైపులో ఆక్సిజన్ సెన్సరు, క్యాటలిటిక్ కన్వర్టరు ఉంటాయి. వాటి మీద టేపు చుట్టకూడదు. కంపెనీ వారంటీకీ ఎసరు. వెనక కూర్చునేవాళ్ల కాలు కాలుతుందంటే రేకు గార్డు బిగిస్తే చాలు, దాని వెనక గాలి ఆడుతుంది.

సాయంత్రానికి మిషను స్టార్ట్ చేశారు. టేపు లోంచి తెల్లటి పొగ, ఘాటు వాసన. యజమాని కంగారుగా కీ వైపు చెయ్యి చాచాడు. మేస్త్రి వారించాడు. టేపు తయారీలో వాడిన జిగురు కాలుతోంది, పావుగంటలో పోతుంది. నిజంగానే తగ్గింది. చల్లారాక టైలన్నీ మళ్లీ ఓసారి బిగించారు, మొదటి వేడికి వదులవుతాయి కాబట్టి. సీజన్ అయ్యాక మిషను తెస్తే ఓచోట టేపు కోసి పైపు ఎలా ఉందో చూస్తానన్నాడు మేస్త్రి.

బుల్లెట్ కుర్రాడు అప్పటిదాకా అక్కడే తిరుగుతున్నాడు. మిగిలిన మూడు నాలుగడుగుల ముక్క ఇమ్మని అడిగాడు. మేస్త్రి దాన్ని చుట్టి సొరుగులో పెట్టి తాళం వేశాడు.