కాకినాడ మలుపులు, వెనుకచక్రముల బండి

కాకినాడ వీధులు మోటారు నేర్చుకొనువారికి మంచి గురువులు కావు. నూలుపట్టి గీచినట్లు తిన్నగా సాగి, ఒకదాని నొకటి అడ్డముగా ఖండించు ఆ వీధులలో బండిని నిలుపుటయు, మరల కదల్చుటయు అలవడునే కాని, వేగముతో వంక తిరుగుట యన నేమో తెలియదు. ఆ విద్యకై ఊరు దాటవలయును. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్టవలన కలిగిన కాలువలలో నొకటి సామర్లకోట మీదుగా కాకినాడ చేరుచున్నది. నీరు నేలవాలును బట్టి పోవును. రోడ్డు నీటి వెంబడి పోవును. అందుచేత కడియము, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలుల మీదుగా వచ్చు కాలువరోడ్డున వంకలకు కొదువ లేదు. ఒకప్రక్క పొలము, ఒకప్రక్క నీరు. అడ్డుగోడ లేని తావులును కలవు. ఇట్టి కాలువలలో బండ్లు పడిన వార్తలు సోదరీమణులు పత్రికలలో చదువుచునే యున్నారు.

మేమును మా పినతల్లి కొమార్తెయు నేర్చినది మా మామయ్యగారి స్టాండర్డు హెరాల్డు బండిమీద. ఆయనకు చూపు మందగించినది. అత్తయ్యను వారమునకు రెండుమార్లు చికిత్సకై కాకినాడ గొనిపోవుట మా వంతైనది. ఆమె నడుము చిన్న కుదుపున కైనను ఓర్వదు. క్రొత్తబండి కొనుటకు మామయ్యగారు సమ్మతింపరు. ఆ సంగతి వేరు.

హెరాల్డు 1961 మొదలు మద్రాసులో తయారయ్యెను. ఇంగ్లండులోని ట్రయంఫ్ కంపెనీవారు ఈ బండి చట్రమునే కురుచచేసి, 1962లో స్పిట్‌ఫైర్ అను క్రీడాశకటమును వెలువరించిరి. కావున మనది సంసారపు బండియే యైనను, క్రీడాశకటమునకు అక్క.

ఇప్పటి చిన్నబండ్లలో పెక్కింట ముందుచక్రములే లాగును, అవియే దారి మళ్లించును. హెరాల్డులో ముందుచక్రములు త్రోవ చూపును, వెనుకవి త్రోయును. అరటిపండ్ల తోపుడుబండి వీధిమూల తిరుగుట చూచినవారికి ఈ భేదము వేరుగ చెప్ప నక్కరలేదు. నీటికడవ చంకన బెట్టుకొని నడచుచు గభాలున ఆగినచో నీరు ముందునకు ఉరుకును గదా! మలుపు నడుమ భయముచే యాక్సిలరేటరుపైనుండి కాలు చటుక్కున తీసినను, బ్రేకు నొక్కినను, బండిబరువు అట్లే ముందునకు పోవును. వెనుకచక్రములు తేలికపడి నేలపట్టు సడలును. తోక బయటికి జారి, బండి తనచుట్టు తాను తిరుగ జూచును. హెరాల్డులో ఇంకొక చిక్కు గలదు. దాని వెనుక ఇరుసులు నడుమ మాత్రమే కీలు గలిగి, పక్షి రెక్కలవలె ఆడును. వెనుకభాగము పైకి లేచినప్పుడు చక్రముల అడుగులు లోనికి మడుగును. టైరు అంచుమీద నిలిచి పట్టు తప్పును. 1972లో దీని స్థానమున వచ్చిన గెజెల్ బండికి ఈ రెక్కలు మాని, ఒక్క గట్టి ఇరుసునే అమర్చిరి.

“అమ్మాయీ, భయపడవలసినదంతయు మలుపునకు ముందే భయపడుము” అని మామయ్యగారు ప్రక్కన కూర్చుండి చెప్పెడివారు. బ్రేకుపని, గేరుపని తిన్నని దారిలోనే ముగియవలెను. మలుపులో స్టీరింగును ఒక్క తీరున త్రిప్పి, కాలు లేశముగా నొక్కియే యుంచినచో వెనుకచక్రములపై బరువు నిలుచును. దారి తిన్ననగుకొలది కాలు నొక్కవచ్చును. ఒకవేళ తోక జారినచో, అది జారిన దిక్కునకే స్టీరింగు త్రిప్పి, బండి సరియగుచుండగనే మరల తిన్నగా తేవలెను. వినుటకు విపరీతముగా నుండును గాని చేతులకు త్వరలోనే తెలియును. ఆయన కోటయ్య కాజాల పొట్లమును ముందు అరపై నుంచి, అది కదలని వేగమే మా వేగమనిరి. మొదటి దినములలో పొట్లము తరచు మా చెల్లెలి ఒడిలోనికి వచ్చుచుండెను. ఆమె యందుకు విచారింపలేదు.

ఉప్పాడ రోడ్డు వేరొక పాఠశాల. అచట సముద్రము ఒడ్డును కోయుచునే యున్నది. తుఫానులకు రోడ్డు తెగుటయు, రాళ్లు పోసి మరల కట్టుటయు మామూలు. అల లెగసిన దినమున తారుపై ఇసుకయు ఉప్పునీరును పరచుకొనును. హెరాల్డుది 948 ఘనసెంటీమీటర్ల చిన్న ఇంజను. ఎండిన తారుపై త్రోపుచేతనే వెనుకచక్రములను జార్చు సత్తువ దానికి లేదు. ఇసుకపై ఆ కొంచెమే చాలును. అచటి జాందానీ చీరలు చూడక మరలివచ్చుట మాత్రము మావలన కాలేదు.

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేనుసాగరపు ఒడ్డున విద్యుత్తు బండ్ల ఫార్ములా ఇ పందెము జరిగెను. 18 మలుపులు గల ఆ దారిని పరుగిడిన బండ్లను త్రోసినవియు వెనుకచక్రములే. అయితే పందెగాండ్రకై దారి మూసి, ఊడ్చి సిద్ధపరతురు. మన కాలువరోడ్డున కోతల దినములలో ధాన్యము ఆరబోయుదురు, గడ్డి పరతురు. గడ్డి పరచిన మలుపున టైరునకు నేల అందదు. స్టీరింగు త్రిప్పినను, బ్రేకు నొక్కినను బండి వినదు. అట్టిచోట మేము దూరమునుండియే వేగము తగ్గించి, రెండవ గేరులో, కాలు కదల్పక, నడకకంటె కొంచె మెచ్చుగా దాటుదుము. వెనుక నిద్రించుచున్న అత్తయ్య కన్నుతెరచి, “ఏమమ్మా, సామర్లకోట వచ్చినదా?” యని యడుగును.