రాగి చెంబు

12 జూన్ 2023, తెనాలి

చేతి వణుకు చూపించుకోవడానికి వెళ్తే కళ్ల డాక్టరు దగ్గరికి పంపారు. గడ్డం స్టాండు మీద ఆనించమని, కంట్లోకి సన్నటి వెలుగు వేసి చాలాసేపు చూశాడాయన. తర్వాత బావని పిలిచి చూపించాడు. నల్లగుడ్డు అంచున బంగారు గోధుమరంగులో ఓ గీత ఉందట. రోజూ కాటుక పెట్టుకునే కన్నే, నాకెప్పుడూ కనపడలేదు.

17 జూన్

విల్సన్ జబ్బు. 1912లో ఆ పేరుగల లండన్ డాక్టరు దీని గురించి రాశాడట. తిండిలో వచ్చే రాగిలో మిగులును కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపాలి. ఆ పని చేయించే జన్యువు నాలో రెండు వైపులా చెడింది. అమ్మానాన్నలది మేనరికం. చెరొకటి ఇచ్చారు, వాళ్లకి మాత్రం ఏమీ లేదు. బయటికి పోని రాగి కాలేయంలో, మెదడులో, కంట్లో పేరుకుంది.

నేనడిగింది ఒక్కటే. రెండుసార్లు కడుపు పోయింది, దీనివల్లేనా? "అయ్యుండొచ్చు. మందు పడని విల్సన్‌లో నెలసరి గతి తప్పుతుంది, అబార్షన్లు ఎక్కువ. మందు పడ్డాక చాలామందికి నిలుస్తుంది" అన్నారు డాక్టరమ్మ.

బస్సులో కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. బొప్పాయి ముక్క తిన్నాననీ, నీళ్ల బిందె ఎత్తాననీ మూడేళ్లు నన్ను నేనే తిట్టుకున్నాను.

20 జూన్

రోజూ రాత్రి రాగి చెంబులో నీళ్లు పోసి, మూతపెట్టి, పొద్దున్నే నాకిచ్చేది అత్తయ్య. కడుపు నిలవాలని. ఇవాళ ఆ చెంబుని చింతపండుతో తోమి, ఆరబెట్టి, పాత చీరముక్కలో చుట్టి అటకెక్కించింది. "నా చేత్తో నేనే పోశానే అమ్మాయ్" అంటూ కూలబడింది. జబ్బు పుట్టుకతో వచ్చింది అత్తయ్యా, చెంబు తేలేదు అన్నాను. ఇంకోసారి చెప్పాలి. రాగిజావ కూడా మానాలా అనడిగింది. మానక్కర్లేదు, పేరొకటే. మానాల్సినవి లివరు, రొయ్యలు, పీతలు, జీడిపప్పు.

8 సెప్టెంబర్

ఒంట్లో రాగి తగ్గేదాకా కడుపు రాకూడదన్నారు. ఆరోగ్య కేంద్రంలో నర్సు కాపర్ టీ వేయించుకోమంది. అది రాగి తీగే కదా! డాక్టరమ్మ వద్దని రాసిన చీటీ చూపించాను. ఈ మాట ప్రతి నర్సుకీ తెలియాలి.

2 ఫిబ్రవరి 2024

బావకి పరీక్ష చేయించాం. నా మేనమామ కొడుకే కదా. అనుకున్నట్టే, నాలోని లోపం అతనిలోనూ ఒకటుంది. అంటే బిడ్డకి ఈ జబ్బు రావడానికి సగానికి సగం అవకాశం. కడుపులో ఉండగానే పరీక్ష చేస్తారట. నేను వద్దన్నాను. పుట్టాక చేయిద్దాం, ఉంటే ముదరకముందే మందు మొదలెడతారు. బావ రాత్రంతా దొర్లాడు. తెల్లారుజామున "సరే" అన్నాడు.

19 ఆగస్టు

పద్నాలుగో వారం. మొదటిది తొమ్మిదిలో పోయింది, రెండోది పదకొండులో.

పక్కింటి పిన్ని వచ్చి, కడుపుతో ఉండి ఇన్ని బిళ్లలా, ఆపెయ్యవే అంది. నా గుండె జారింది. డాక్టరమ్మకి ఫోన్ చేశాను. పెన్సిలమైన్ డోసు తగ్గిస్తాను గానీ ఒక్కరోజు కూడా ఆపొద్దు, ఆపితే నీ కాలేయం చెడి తల్లీబిడ్డా ఇద్దరికీ ముప్పు అన్నారు. అత్తయ్య పక్కనే ఉండి అంతా విన్నది.

20 ఆగస్టు

ఇంకా పొద్దు పొడవలేదు. అత్తయ్య స్టీలు గ్లాసులో నీళ్లు, అరచేతిలో బిళ్ల పెట్టుకుని మంచం పక్కన నిలబడింది. "పరగడుపునే వేసుకో. గంటదాకా టిఫిను పెట్టను" అంది.